బ్నీద్ అల్ గార్ దర్వాజా: ఊరి కాపలా, పరాయివాడి పూచీ

కువైత్ పట్టణం చుట్టూ 1920లో లేచిన మట్టిగోడకు ఐదు దర్వాజాలుండేవి: మఖ్సబ్, జహ్రా, షామియా, షఅబ్, అయిదవది తూర్పున సముద్రపు ఒడ్డుకు దగ్గరగా దస్మాన్ రాజభవనం పక్కన. ఈ అయిదవదానికి రెండు పేర్లు. గోడకు లోపలున్న భవనాన్ని బట్టి దస్మాన్ దర్వాజా అనేవారు, గోడకు అవతలి నేలను బట్టి బ్నీద్ అల్ గార్ దర్వాజా అనేవారు. గార్ అంటే చెక్క ఓడలకు నీరు పట్టకుండా పూసే తారు. ఇవాళ బ్నీద్ అల్ గార్‌లో అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, పాత కువైతీ కుటుంబాల ఇళ్ళు, హుసేనియాలు పక్కపక్కనే కనిపిస్తాయి. అద్దెకున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. గోడ నిలిచి ఉన్న రోజుల్లో ఈ పేట మొత్తం ఊరికి వెలుపల ఉండేది.

ఇక్కడ నివసించే తెలుగువారిని స్వదేశం నుంచి వచ్చిన బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “అక్కడ భయమేమీ లేదు కదా?” సాధారణంగా వచ్చే జవాబు కూడా ఒకటే. దొంగతనాలు తక్కువ, అర్ధరాత్రి ఆడవాళ్ళు దుకాణానికి వెళ్ళి రావచ్చు, కారులో సంచి మరచిపోయినా మర్నాటికి అక్కడే ఉంటుంది. ఈ జవాబులో అబద్ధం లేదు. హత్యల రేటు చూసినా కువైత్ ప్రపంచ సగటుకు చాలా దిగువన ఉండే దేశం. అయితే ఒక ఊరి భద్రతకు చరిత్ర ఉంటుంది. కాపలా ఎవరు కాశారు, ఎవరి నుంచి కాశారు, ఊళ్ళోకి వచ్చిన పరాయివాడికి ఎవరు పూచీ పడ్డారు అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే ఆ చరిత్ర బయటపడుతుంది. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా పట్టుకోదలచినది మూడవ ప్రశ్నను.

గోడ కట్టిన సంవత్సరం

పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్. ఆయన ఏలుబడి 1917 నుంచి 1921 వరకు. నజ్ద్ ప్రాంతపు ఇఖ్వాన్ యోధులు 1920లో హమ్ద్ అనే చోట కువైత్ దళాన్ని దెబ్బతీశారు. వెంటనే ఊరివాళ్ళంతా కలసి గోడ కట్టడానికి పూనుకున్నారు. అంతకుముందే రెండుసార్లు, చిన్న చుట్టుకొలతలతో, ఈ ఊరికి గోడలు లేచాయి. మూడవ గోడ అన్నిటికన్నా పెద్దది. సముద్రం నుంచి సముద్రం వరకు అర్ధచంద్రాకారంలో సుమారు నాలుగు మైళ్ళు. మండువేసవిలో, కొన్ని నెలల్లోనే పూర్తయింది. అదే ఏడాది అక్టోబరు 10న జహ్రాలో ఫైసల్ అల్ దువైష్ నాయకత్వాన వచ్చిన ఇఖ్వాన్‌కూ షేక్ సాలిం దళానికీ పెద్ద యుద్ధం జరిగింది. గాయపడినవారిని పట్టణంలోని అమెరికన్ మిషన్ ఆసుపత్రికి చేర్చారు. అక్కడ డాక్టర్ స్టాన్లీ మైల్రియా వందమందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేశాడు. పెన్సిలిన్‌కు ఇరవై ఏళ్ళ ముందరి మాట అది. తూటా గాయాల్లో చీము పట్టకుండా చూడడమంటే కడగడం, కోయడం, కట్టు మార్చడం తప్ప వేరే ఆయుధం లేదు. వైద్యుడిని కాబట్టి నాకు ఆ సంవత్సరం గురించి చదివినప్పుడు గోడకన్నా ముందు ఆ వార్డే కళ్ళముందుకొస్తుంది.

గోడకు లోపలున్నది ఒక చిన్న రేవు, ఒక సంత. 1908లో లోరిమర్ తన గెజెటీర్‌లో ఈ పట్టణ జనాభాను 35,000గా అంచనా వేశాడు. ఎడారి నుంచి ఒంటెల మీద ఉన్ని, నెయ్యి, తోళ్ళు దిగేవి. సముద్రం నుంచి బియ్యం, టేకు దుంగలు, బట్టలు, ఖర్జూరం దిగేవి. రెండు సరుకులూ సఫాత్ మైదానం చుట్టూ చేతులు మారేవి. చెల్లుబడి అయిన నాణెం మన రూపాయి. 1961లో దీనారు వచ్చేదాకా కువైతీలు రూపాయల్లోనే బేరమాడారు. కాపలా రెండు విధాలుగా ఉండేది. పాలకుడి మనుషులైన ఫిదావీలు దర్వాజాల దగ్గరా, పాలకుడి పనుల్లోనూ ఉండేవారు. బజారులో దుకాణాలకు రాత్రి కాపలాదారు నాతూర్. రాత్రివేళ దర్వాజాలు మూసేవారు. వేళ మించి వచ్చినవాడు తెల్లవారేదాకా బయటే ఉండాలి, అంటే మన బ్నీద్ అల్ గార్ వంటి చోట.

పోలీసు శాఖ అన్నది చాలా ఆలస్యంగా వచ్చింది. మునిసిపాలిటీ 1930లో ఏర్పడితే, పోలీసు శాఖ 1938లో పుట్టింది. అది వర్తకులు పట్టుబట్టి సాధించుకుని ఆరునెలలు మాత్రమే నడపగలిగిన శాసనసభ కాలం. ఆ తరువాత షేక్ సబాహ్ అల్ సాలిం పోలీసును, షేక్ అబ్దుల్లా అల్ ముబారక్ ప్రజాభద్రతా శాఖను చూశారు. రెండింటినీ 1959లో కలిపేశారు. ఒక చిన్న ఊరికి రెండు భద్రతా శాఖలెందుకన్న ప్రశ్నకు నాకు తోచే సమాధానం పాత గోడలోనే ఉంది: ఒకటి ఊరి లోపలి తగాదాలకు, మరొకటి బయటి నుంచి వచ్చేవాళ్ళకు.

వించెస్టర్, కడప

ఈ ఏర్పాటు అరబ్బు ఎడారికే ప్రత్యేకమని అనుకోనక్కరలేదు. ఇంగ్లండు సంతపట్టణాల్లో ఇదే కథ ఏడు వందల ఏళ్ళకు ముందే చట్టమయింది. మొదటి ఎడ్వర్డ్ రాజు 1285లో చేసిన వించెస్టర్ శాసనం ప్రకారం గోడలున్న పట్టణాల ద్వారాలు పొద్దుగూకింది మొదలు పొద్దు పొడిచేదాకా మూసి ఉంచాలి. వేసవి నెలల్లో రాత్రంతా గస్తీ తిరగాలి. నగరమైతే ఒక్కొక్క ద్వారానికి ఆరుగురు, బరో అయితే పన్నెండుగురు, చిన్న ఊరైతే నలుగురో ఆరుగురో. రాత్రి దారిలో కనపడిన కొత్తవాడిని తెల్లవారేవరకు పట్టి ఉంచాలి. ఇంకొక నిబంధన నన్ను మరీ ఆకర్షించింది. ఊరి శివార్లలో ఎవరూ రాత్రి బస చేయకూడదు, పగటిపూటైనా సరే ఇంటాయన పూచీ పడితే తప్ప ఉండకూడదు. ఆ ఇంటాయన తన అతిథి గురించి జవాబు చెప్పుకోవాలి. దారిదోపిడీ జరిగి దొంగలు దొరకకపోతే నష్టం ఆ ప్రాంతపు జనమంతా భరించాలి. నేరస్థుణ్ణి పట్టే యంత్రాంగం లేని సమాజం చేసుకునే ఏర్పాటు ఇది. నేరం ఎవరు చేశారో తెలుసుకోలేరు కాబట్టి, ఎవరు ఎవరికి బాధ్యులో ముందే రాసి పెట్టుకుంటారు.

ఇది చదువుతుంటే రాయలసీమవాడికి తలారి గుర్తుకు రాకుండా ఉండడు. దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి కడప, బళ్ళారి సీమల్లో ఎనభై మంది దాకా పాళెగాళ్ళుండేవారు. పల్లెల్లో కావలి హక్కులు వారి మనుషుల చేతుల్లో ఉండేవి. తలారికి మాన్యం, పంటలో మేర. ప్రతిగా ఊళ్ళో దొంగతనం జరిగితే అడుగుజాడలు పట్టుకుని పోవాలి. జాడ పొరుగూరి పొలిమేర దాకా పోతే బాధ్యత పొరుగూరి తలారిది. తన పొలిమేరలోనే ఆగిపోతే పోయిన సొత్తుకు తనే బదులు చెప్పాలి. కావలివాళ్ళే దొంగలతో కుమ్మక్కయ్యేవారన్న ఫిర్యాదులు కంపెనీ దస్త్రాల నిండా ఉన్నాయి. అందులో కొంత నిజం, కొంత కొత్త పాలకుల అసహనం. మన్రో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి పాళెగాళ్ళ బలాన్ని విరిచాడు. 1816లో వచ్చిన రెగ్యులేషన్లు తలారిని మునసబు కింద చేర్చి, ఊరి కాపలాను సర్కారు కొలువుగా మార్చాయి.

తమాషా ఏమంటే, ఆ కడప సీమ నుంచే, రాజంపేట, రాయచోటి వైపు పల్లెల నుంచే, నూటయాభై ఏళ్ళ తరువాత మనుషులు కువైత్‌కు వరసకట్టారు. గోదావరి జిల్లాల నుంచీ అలాగే. పూచీ అన్న మాట వాళ్ళకు కొత్తది కాదు. ఇక్కడ దాని పేరు కఫాలా, పూచీ పడేవాడు కఫీలు.

సముద్రం మీది కాగితం

కఫాలాకు మూలమేది? పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అతిథికి ఆశ్రయమిచ్చే బెదూయిన్ల ఆచారమని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. ఈ వివరణ నాకు రుచించదు. అతిథికి ఆశ్రయమిచ్చినవాడు అతని ప్రయాణపు కాగితాలు దాచుకోడు. కువైత్ వలస జీవితం మీద 1997లో పుస్తకం రాసిన ఆన్ న్గా లాంగ్వా ముత్యాల వేటలో దీని వేళ్ళను చూసింది. బ్రిటిషువారు 1920ల్లో బహ్రెయిన్‌లో పరాయి శ్రామికులను అదుపు చేయడానికి తెచ్చిన నిబంధనల్లోనే ఆధునిక కఫాలా పుట్టిందని ఒమర్ అల్ షెహాబి 2019లో వాదించాడు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసే వాదాలని నేననుకోను.

ముత్యాల వేట కథ కొంచెం విడమరచి చెప్పాలి. వేసవి నాలుగు నెలలు గజ ఈతగాళ్ళు సముద్రం మీదుండేవారు. బయలుదేరేముందు ఓడ నఖోదా వాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేవాడు. అది ఇంట్లో గింజలకు. తిరిగొచ్చాక లెక్క చూస్తే ఈతగాడి వాటా అడ్వాన్సుకు చాలేది కాదు. బాకీ మరుసటేటికి మిగిలేది. అది పెరిగేది, తండ్రి పోతే కొడుకు మీద పడేది. ఒక నఖోదాను విడిచి మరొకరి ఓడ ఎక్కాలంటే బర్వా అనే కాగితం కావాలి. ఇతను ఇంత బాకీ, లేదా ఏమీ బాకీ లేడు, అని పాత నఖోదా రాసిచ్చే పత్రమది. బర్వా లేకుండా ఇంకో ఓడ ఎక్కినవాడు పారిపోయినవాడి కింద లెక్క. ఆస్ట్రేలియా నావికుడు అలన్ విల్లియర్స్ 1938–39లో కువైతీ ఓడ మీద ప్రయాణించి రాసిన పుస్తకంలో ఈ అప్పుల బతుకు వివరంగా కనిపిస్తుంది. జపాను పెంపుడు ముత్యాలు అప్పటికే ఆ వ్యాపారాన్ని చావగొట్టాయి. 1940లో ఈతగాళ్ళ చట్టం వచ్చేసరికి కాపాడడానికి పెద్దగా వేటే మిగల్లేదు.

ఈ బర్వాను ఇవాళ్టి “రిలీజు” కాగితం పక్కన పెట్టి చూడండి. కఫీలు రిలీజు ఇస్తే ఇంకో కఫీలు దగ్గరికి మారవచ్చు. ఇవ్వకపోతే మారడం కష్టం. బర్వా, రిలీజు అన్న మాటల మధ్య ఎనభై ఏళ్ళ దూరముంది. చేసే పని ఒకటే.

అదే కాలంలో భారతీయుల పరిస్థితి మాత్రం వేరు. 1925 నాటి బ్రిటిషు రాజాజ్ఞతో కువైత్‌లో ఉన్న బ్రిటిషు ప్రజలు, అంటే అప్పటి మనవాళ్ళు కూడా, షేకు న్యాయస్థానం కిందికి కాక పొలిటికల్ ఏజెంటు న్యాయస్థానం కిందికి వచ్చారు. అక్కడ నడిచినవి బ్రిటిషిండియా చట్టాలు. మన భాషలో మోసగాడికి మారుపేరైన నాలుగువందల ఇరవైకి ఈ ఎడారి రేవులో కూడా కొంతకాలం పని ఉండేదన్నమాట. ఏజెన్సీ గుమ్మం తొక్కిన బానిసలకు విముక్తి పత్రాలివ్వడం కూడా ఆ కాలపు ఆనవాయితీ. అప్పట్లో ఒక భారతీయ గుమాస్తాకు కువైత్‌లో ఆపద వస్తే వెళ్ళి నిలబడడానికి ఒక గుమ్మం ఉండేది. అది సామ్రాజ్యపు గుమ్మమే, దాని న్యాయం సామ్రాజ్యపు న్యాయమే. అయినా గుమ్మమైతే ఉంది. 1961లో కువైత్ స్వతంత్రమైనప్పుడు ఆ అధికారం న్యాయంగానే కువైత్‌కు దక్కింది. దాని స్థానంలో పరాయి శ్రామికుడికి మిగిలింది కఫీలు ఇంటి గుమ్మం.

గోడ పడింది

మొదటి చమురు ఓడ 1946 జూన్ 30న బయలుదేరింది. 1950ల మొదట్లో షేక్ అబ్దుల్లా అల్ సాలిం పట్టణానికి కొత్త రూపురేఖలు గీయమని బ్రిటిషు నగర ప్రణాళికా సంస్థ మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫర్లేన్‌ను పిలిచాడు. ఈ మినోప్రియోయే అంతకు కొద్ది ఏళ్ళ ముందు ఇంగ్లండులో క్రాలీ కొత్త పట్టణానికి ప్రణాళిక వేశాడు. క్రాలీకి 1202లో జాన్ రాజు సంత హక్కు ఇచ్చాడు. సంతబజారు చుట్టూ ఇరుగుపొరుగు పేటలు, ప్రతి పేటకూ బడి, దుకాణాలు, పేటలను వేరుచేస్తూ రోడ్లు అన్న ఆలోచనే కువైత్‌కూ వచ్చింది. ఇక్కడ ఆ రోడ్లు అర్ధవలయాలయ్యాయి. పాత గోడ వెంట మొదటి రింగు రోడ్డు, దాని వెలుపల రెండవది, మూడవది. గోడను 1957లో పడగొట్టారు, దర్వాజాలను గుర్తుగా నిలిపారు. షెరటన్ హోటలు ముందు చౌరస్తాలో జహ్రా దర్వాజా ఇప్పటికీ కనిపిస్తుంది. గోడ జ్ఞాపకంగా సూర్ స్ట్రీట్ అన్న పేరు కూడా మిగిలింది. సూర్ అంటే గోడ.

కువైత్ నగర చరిత్ర రాసిన ఫరా అల్ నకీబ్ 2016 నాటి తన పుస్తకంలో ఈ ప్రణాళిక కలసి బతికిన ఊరిని ఎలా విడదీసిందో చూపించింది. కువైతీ కుటుంబాలు రింగు రోడ్ల అవతల విల్లాల్లోకి మారాయి. ఖాళీ అయిన పాత పేటల్లోకి, గోడ అంచున ఉన్న పేటల్లోకి పరాయివాళ్ళు చేరారు.

ఈ సంవత్సరాలను వరసగా పేర్చి చూస్తే నాకు విషయం స్పష్టంగా కనిపిస్తుంది. 1957లో గోడ పడింది. అదే ఏడాది మొదటి జనాభా లెక్కలు తీస్తే 2,06,473 మంది తేలారు. అందులో కువైతీలు 1,13,622, కానివారు 92,851. అంటే నూటికి నలభై అయిదు మంది బయటివాళ్ళు. 1959లో విదేశీయుల నివాస చట్టం వచ్చింది. పరాయివాడిని రప్పించుకున్నవాడే అతని నివాసానికి బాధ్యుడు, అతను పని మానేస్తే తెలియజేయాలి, తిరిగి పంపే ఖర్చు భరించాలి. అదే 1959లో పౌరసత్వ చట్టమూ వచ్చింది. అసలైన కువైతీ ఎవరు? 1920కి ముందు నుంచి కువైత్‌లో స్థిరపడి ఉన్నవారు. ఆ 1920 ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. గోడ కట్టిన ఏడాది, జహ్రా యుద్ధపు ఏడాది. మట్టిగోడ నేల మీద ముప్పయ్యేడేళ్ళు నిలిచింది. కూలిన రెండేళ్ళకు చట్టం పుస్తకంలోకి ఎక్కి ఇప్పటికీ అక్కడే ఉంది. 1965 లెక్కల నాటికి కువైతీలు తమ దేశంలోనే సగం కన్నా తక్కువయ్యారు. ఒక చిన్న సమాజానికి అది తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు. వాళ్ళ భయాన్ని నేను వెక్కిరించను. మన ఊళ్ళో ఇలాంటి లెక్క తేలితే మనమేం చేసేవాళ్ళమో అసోం చరిత్ర చూస్తే తెలుస్తుంది.

లెక్కకెక్కే నేరం, ఎక్కనిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను: ఊరు భద్రమేనా?

వైద్యంలో మాకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, రోగం తక్కువగా నమోదు కావడం వేరు, తక్కువగా ఉండడం వేరు అన్నది. మధుమేహ శిబిరం పెట్టిన రోజున ఊళ్ళో మధుమేహం హఠాత్తుగా పెరగదు, బయటపడుతుంది. నేరాల లెక్కలకు కూడా ఇదే ఇబ్బంది. అందుకే ఇంగ్లండులో 1982 నుంచి పోలీసు లెక్కలకు తోడుగా ఇళ్ళకు వెళ్ళి “నిరుడు మీకేం జరిగింది?” అని అడిగే సర్వే మొదలుపెట్టారు. పోలీసుకు చేరని నేరాలెన్నో దానితో బయటపడ్డాయి. ఇంటి యజమానే నేరస్థుడై, బాధితురాలు ఆ ఇంటి పనిమనిషి అయిన చోట ఆ సర్వే చేసేవాడు వెళ్ళి తలుపు తట్టినా తీసేదెవరు?

ఖద్దామా వీసా మీద వచ్చిన ఆడమనిషికి కొట్లాటలు, దోపిడీలు పెద్ద భయం కాదు. వీధిలో ఆమెకు ఉండే భద్రత నా భద్రతతో సమానమే. ఆమె ఆపద ఇంటి లోపల ఉంటుంది. కొట్టినా, జీతం ఎగ్గొట్టినా, నిద్ర లేకుండా పని చేయించినా ఆమె ఫిర్యాదు చేయాలంటే ముందు ఇల్లు దాటాలి. అనుమతి లేకుండా ఇల్లు దాటిన మరుక్షణం ఆమె మీద పరారీ కేసు పెట్టవచ్చు. అకామా రద్దవుతుంది, పట్టుబడితే నిర్బంధం, ఆపైన దేశబహిష్కరణ. అంటే ఆమె మీద జరిగిన నేరం లెక్కకెక్కక ముందే ఆమె చేసిన “నేరం” లెక్కకెక్కుతుంది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లో కువైత్ ఇంటిపనివారి మీద వెలువరించిన నివేదికకు అడుగడుగునా గోడలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. లాంగ్వా పుస్తకం పేరులో కూడా గోడలే, ఇసుక మీద కట్టినవి. ఇద్దరికీ ఒకే పోలిక తట్టడంలో వింతేమీ లేదు.

పరారీ అన్నది నేరంగా ఎలా తయారవుతుందో తెలుగువారికి దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టి, 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. కొద్ది ఏళ్ళకే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద, స్టువర్టుపురం వెలిసింది. ఎరుకలవారిని అక్కడ స్థిరపరిచారు. హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా పొరుగూళ్ళో కనిపించినవాడు ఏ దొంగతనమూ చేయకపోయినా నేరస్థుడే, ఎందుకంటే అక్కడ ఉండడమే నేరం. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరు వినగానే మనకు దొంగలు గుర్తుకొస్తారు, పాసులు గుర్తుకు రావు. ఒక చట్టం విజయం అంటే అది.

కువైత్‌లోని మన తెలుగులో దీనికి ఒక మాట పుట్టింది. కఫీలును విడిచి బయట పనిచేసుకునేవాళ్ళను “ఖల్లివల్లి” అంటారు. అరబ్బీలో దానికి “పోనీలే” అన్నట్టు అర్థం. ఊళ్ళో వినిపించే తీరు చూడండి: “మా పిన్ని కూతురు రెండేళ్ళుగా ఖల్లివల్లిలో ఉందండీ.” అది ఏదో పేట పేరయినట్టు. ఒక విధంగా పేటే, గోడ బయటిది. సర్కారు అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లో జనవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగినది అలాంటిదే. ఔట్‌పాస్ కోసం ఆ నెలల్లో ఎంబసీ ముందు నిలబడిన వరసలను చూసినవారికి ఈ పేట ఎంత పెద్దదో అర్థమై ఉంటుంది.

మార్పు లేదనడం అన్యాయం. 2010 కార్మిక చట్టం ఇంటిపనివారిని తన పరిధి నుంచి మినహాయించినా, 2015లో 68వ నంబరు చట్టం వారి కోసమే వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని కూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. మరుసటేడు 60 దీనార్ల కనీస వేతనం నిర్ణయించారు. గల్ఫు దేశాల్లో ఇది ముందడుగే. కాని ఈ చట్టం అమలు మొదట కార్మిక శాఖకు కాక, పోలీసు ఉండే ఆంతరంగిక శాఖకే అప్పగించారు. ఇంటిపని శ్రమ కిందికి కాక శాంతిభద్రతల కిందికి వచ్చిందన్నమాట. కొన్నేళ్ళ తరువాతే అది కార్మిక వ్యవహారాల సంస్థకు మారింది.

ఇక భద్రతకు ఇంకో ముఖం. 2024 జూన్ 12న తెల్లవారకముందు మంగఫ్‌లో కార్మికులు నిద్రపోతున్న ఒక భవనానికి నిప్పంటుకుంది. 45 మంది భారతీయులు పోయారు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. ఎక్కువమంది చనిపోయింది మంటల వల్ల కాదు, పొగ వల్ల. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడు లేవాలన్న స్పృహ రాకముందే పోతాడు. మెలకువ వచ్చినవాడికి మెట్లదారి, తెరుచుకునే తలుపు ఈ రెండే మందు. ఒక గదిలో ఎంతమంది, ఒక అంతస్తుకు ఎన్ని దారులు అన్నది ఏ నేరాల పట్టికలోనూ ఉండదు. అయినా ఆ ఏడాది కువైత్‌లో భారతీయుల ప్రాణాలను తీసిన ఏ దొంగా, ఏ హంతకుడూ ఆ ఒక్క ఉదయానికి సాటిరాడు.

పాత నివాస చట్టం 65 ఏళ్ళు నడిచింది. దాని స్థానంలో 2024లో 114వ నంబరు చట్టం వచ్చి, 2025 జనవరిలో అమలయింది. వీసాల అమ్మకాన్ని అది గట్టిగా నిషేధిస్తుంది. మంచిదే. మన పల్లెల్లో పొలాలమ్మి “ఆజాద్ వీసా” కొనుక్కున్న కుటుంబాలకు దాని విలువ తెలుసు. అదే 2025లో జూలై 1 నుంచి ప్రైవేటు రంగపు ఉద్యోగులు దేశం విడిచి వెళ్ళాలంటే యజమాని ఆమోదంతో ముందుగా ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఇంజనీరుకైనా, ఆసుపత్రిలో డాక్టరుకైనా అంతే. అప్పటిదాకా కఫాలా అంటే ఖద్దామాలకూ డ్రైవర్లకూ సంబంధించిన వ్యవహారమనుకున్న చాలామంది మిత్రులు, ఫోనులో ఆ దరఖాస్తు నింపుతూ మొదటిసారి ఆ మాట పూర్తి అర్థంలో వాడడం విన్నాను.

ఆసుపత్రిలో గాయాలతో వచ్చిన రోగికి నింపే కాగితంలో “ఎలా జరిగింది” అన్న గడి ఒకటి ఉంటుంది. పడిపోయింది, జారిపడింది, ఇస్త్రీపెట్టె తగిలింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళ విషయంలో ఈ ప్రశ్న అడిగినప్పుడు నేను చాలాసార్లు గమనించినదేమంటే, జవాబు మొదట వచ్చేది రోగి నుంచి కాదు, ఆమెను వెంటబెట్టుకొచ్చిన ఇంటావిడ నుంచో డ్రైవరు నుంచో. వించెస్టర్ శాసనం అక్షరాలా అడిగింది అదే కదా, పరాయివాడి తరఫున ఇంటాయన జవాబు చెప్పాలని. ఇలాంటప్పుడు ఎక్స్‌రే తీయించాలనో, రక్తం పరీక్షించాలనో చెప్పి ఆమెను ఒంటరిగా లోపలికి పంపుతాను. తెలుగు నర్సు ఎవరైనా డ్యూటీలో ఉంటే వెనకే పంపుతాను. “ఏ ఊరమ్మా మీది?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. ఊరి పేరు చెప్పాక మిగతాది చాలాసార్లు చెబుతారు, కొన్నిసార్లు చెప్పరు. చెప్పినప్పుడు గడిలో అదే రాస్తాము.